మైదానపు మార్గమున పరుగెత్తినవాడు

వాక్యభాగము: 2 సమూయేలు 18:19–33



నాందేడ్ జిల్లాలో కిన్వట్ తాలూకా అడవుల తాలూకా అని మీలో చాలమందికి తెలియును. ముద్‌ఖేడ్ నుండి ఆదిలాబాదు పోవు రైలులో భోకర్, హిమాయత్‌నగర్ దాటి వచ్చినవారు కిటికీలోనుండియే ఆ మార్పును చూచియుందురు. మొదట రేగడి చేలు, ప్రత్తి, జొన్న, సోయా, కనుచూపు మేర చదును నేల. తరువాత నేల మెల్లగా ఎగుడుదిగుడగును. టేకు చెట్లు పట్టాల దగ్గరకు వచ్చును. ఇప్ప, తునికి, మోదుగ చెట్లు కనబడును. ఆ అడవుల ప్రక్కనే పెన్‌గంగ నది పారుచున్నది. ఆ నది మీదనే సహస్రకుండ్ జలపాతమున్నది. అక్కడి అడవికిని ఆదిలాబాదు అడవికిని నడుమ రాష్ట్రపు హద్దు మనుష్యులు గీసినదే.

ఆ ప్రాంతములో ఒక పల్లెయందు నా చెల్లెలి కుటుంబము ప్రత్తి పండించుకొని బ్రదుకుచున్నది. పోయిన చలికాలములో నేను అక్కడ నాలుగు దినములుంటిని. ప్రతి దినము తెల్లవారుజామున అయిదు గంటలకు వాకిట అడుగుల చప్పుడు వినబడెడిది. దుప్పటి తీసి బయటికి వచ్చి చూడగా పల్లె పిల్లలు పరుగెత్తుచుండిరి. మరాఠ్వాడాలో నివసించు మీకు దీనిని వివరింప నవసరము లేదు. పోలీసు భర్తీ, సైన్యపు భర్తీ అని మన యువకులు చీకటితోనే లేచి రోడ్లమీద పరుగెత్తుచున్నారు. పోలీసు పరీక్షలో మగపిల్లలు 1600 మీటర్లు, ఆడపిల్లలు 800 మీటర్లు పరుగెత్తవలెను. నా మేనల్లుడును వారిలో ఒకడు.

ఆ పల్లె నుండి పరుగెత్తుటకు రెండు దారులున్నవి. ఒకటి స్టేషను దారి. చేల నడుమ తిన్నగా పోవు తారు రోడ్డు. ఎత్తుపల్లములు లేవు. అక్కడ పరుగెత్తువాడు గడియారము చూచుకొని ఈ దినము ఎన్ని క్షణములు తగ్గించితినని సంతోషపడవచ్చును. రెండవది అడవి దారి. అది వాగు దాటి పాత టేకు చెట్ల నడుమ పోవును. వేళ్లు పైకి తేలియుండును, ఎండుటాకుల క్రింద రాళ్లుండును. ఇప్పపువ్వు రాలు దినములలో ఎలుగుబంటి భయమును కలదు. అక్కడ గడియారము చూచువాడు బోర్లపడును.

"ఏ దారి మంచిదిరా?" అని నేనడిగితిని. వాడు నవ్వి, "మామా, స్టేషను దారిల ఉరికితె టైము మంచిగొస్తది. అడివిల ఉరికితె కాళ్లకు బుద్ధొస్తది. రెండూ కావాలె" అనెను.

ఆ మాట విన్న దినమున నాకు జ్ఞాపకమునకు వచ్చిన వాక్యభాగమే పైన వ్రాసితిని. ఈ అధ్యాయములో ఒక అడవి యున్నది, ఒక మైదానమున్నది, ఇద్దరు పరుగెత్తువారున్నారు. దయచేసి బైబిలు తెరచి పక్కన పెట్టుకొని చదువుడి.

దావీదు కుమారుడైన అబ్షాలోము తండ్రిమీద తిరుగుబాటు చేసెను. యుద్ధము ఎఫ్రాయిము అడవిలో జరిగెను. ఆ దినమున కత్తికంటె అడవియే ఎక్కువ మందిని బలిగొన్నదని ఆరు మొదలు ఎనిమిది వచనములలో చూతుము. అబ్షాలోము తల గొప్ప మస్తకి వృక్షము కొమ్మలలో చిక్కుకొనగా యోవాబు అతని చంపెను. ఈ వార్త మహనయీములో గుమ్మము దగ్గర కనిపెట్టుకొనియున్న దావీదునకు చేర్చవలెను.

యాజకుడైన సాదోకు కుమారుడు అహిమయస్సు, "నేను పోవుదును" అని ముందుకు వచ్చెను. ఇతడు చెడ్డవాడు కాడు. 17వ అధ్యాయములో ఇతడే బహూరీములోని బావిలో దాగి, ప్రాణములకు తెగించి దావీదునకు వర్తమానము చేర్చినవాడు. అయినను యోవాబు వద్దనెను. నేడు రాజకుమారుడు మరణించెను గనుక నీవు పోవలదని కారణము కూడ చెప్పెను. ఇరువదవ వచనమును గుర్తు పెట్టుకొనుడి, దానితో పని యున్నది. తరువాత యోవాబు కూషి అనువానిని పంపెను. కూషి యనగా ఐగుప్తునకు దక్షిణమున నున్న కూషు దేశస్థుడు, ఇశ్రాయేలీయుల నడుమ పరదేశి. సౌలు మరణవార్తను దావీదునకు తెచ్చినవాడు ఏమైపోయెనో 1వ అధ్యాయములో చదివినవారికి, ఈ పని యెంత అపాయకరమైనదో తెలియును.

అహిమయస్సు పట్టు విడువలేదు. చివరకు సెలవు పొంది మైదానపు మార్గమున పరుగెత్తి కూషిని దాటిపోయెను. ఇది యొర్దాను లోయలోని చదును నేలయని, గిలాదు కొండల నడుమ దారికంటె ఇది దూరమైనను పరుగునకు సుళువని పండితులు చెప్పుదురు. ఆదికాండము 13వ అధ్యాయములో లోతు కన్నులెత్తి చూచి కోరుకొనిన మైదానమునకును హెబ్రీ భాషలో ఇదే మాట వాడబడినది.

కావలివాడు గోడమీదనుండి చూచెను. ఒంటరిగా ఒకడు వచ్చుచున్నాడు, వెనుక మరియొకడు వచ్చుచున్నాడు. ముందు వచ్చువాని పరుగు అహిమయస్సు పరుగువలె నున్నదని చెప్పగా రాజు సంతోషించెను. అహిమయస్సు చేరెను, సాష్టాంగపడెను. అతని నోట వచ్చిన మొదటి మాట సమాధానము. దేవుని స్తుతించెను, యుద్ధము గెలిచితిమని చెప్పెను. రాజు ఒకే ప్రశ్న అడిగెను: నా కుమారుడు క్షేమమా?

అప్పుడు అహిమయస్సు ఏదో పెద్ద అల్లరి చూచితిని గాని అదేమో నాకు తెలియదనెను.

ప్రియులారా, అతనికి తెలియును. ఇరువదవ వచనములో యోవాబు చెప్పియుండెను. అందరికంటె ముందు చేరినవాడు గుమ్మము దగ్గర వార్తను మ్రింగివేసెను. రాజు అతనిని ప్రక్కకు తొలగి నిలువుమనెను. అతడు తొలగి నిలిచెను. తరువాత కూషి వచ్చి, మృదువైన మాటలతోనే గాని, దాచక చెప్పెను. రాజు గుమ్మముమీది గదికి ఎక్కిపోయి ఏడ్చెను.

ఈ భాగమును నేను అనేక పర్యాయములు ప్రసంగించితిని. అయినను నా సంగతి ఒకటి ఎన్నడును సంఘము ముందు చెప్పలేదు. ఇప్పుడు చెప్పుచున్నాను.

పదునైదేండ్లకు పైగా అయినది. ఆ ప్రాంతమునుండి మన విశ్వాసి యొకని కుమారుడు హైదరాబాదుకు మేస్త్రీ పనికి పోయెను. కట్టడము మీదనుండి పడి తలకు గాయమై ఆసుపత్రిలో నున్నాడని, గంటలు లెక్కపెట్టవలసిన స్థితియని, తండ్రిని వెంటనే పంపుడని ఒక సహోదరుడు నాందేడులో నున్న నాకు ఉదయము ఫోను చేసెను. ఆ పల్లెలో ఆ దినములలో ఫోను అందెడిది కాదు. నేను రైలెక్కి దిగి, స్టేషను నుండి ఆరు కిలోమీటర్లు ఆ చదును దారిలో వడివడిగా, కొంత దూరము పరుగెత్తి, మధ్యాహ్నమునకు వారి యింటికి చేరితిని. ఆ వయస్సులో అంత త్వరగా వచ్చితినని నాలో నేను మెచ్చుకొంటిని కూడ.

ఆ తండ్రి ప్రత్తి చేనిలోనుండి వచ్చి చేతులు తుడుచుకొనుచు నన్ను చూచెను. చూడగానే అతని ముఖము మారెను. "అయ్యగారూ, మా పోరడు మంచిగున్నడా?" అని అడిగెను.

నేను, "కొంచెము దెబ్బ తగిలినదట. దేవుడున్నాడు, దిగులుపడకుము. వీలు చూచుకొని ఒకసారి పోయి రమ్ము" అంటిని. ప్రార్థన చేసితిని. చాయ్ త్రాగితిని. సాయంకాలపు బండికి తిరిగి వచ్చితిని.

ఎందుకు అట్లు చేసితినని అడుగుదురేమో. ఆ మనుష్యుడు నా యెదుట కూలిపోవుటను చూడలేకపోతిని. దానిని కనికరమని పిలుచుకొంటిని. నిజమునకు అది నా భయము.

ఆ రాత్రి మరియొకడు వచ్చెను. ఆ పిల్లవానితో పని చేసిన లంబాడా యువకుడు. మన సంఘమువాడు కాడు, మన విశ్వాసమువాడు కాడు. ఆదిలాబాదు వరకు బస్సులో వచ్చి, హద్దు దగ్గర దిగి, చీకటిలో అడవి దారిన నడచి వచ్చెను. గుమ్మములో నిలిచి జరిగినది జరిగినట్లు చెప్పెను. అప్పటికి రాత్రి బండి దాటిపోయెను. తండ్రి మరునాడు బయలుదేరెను. కుమారుడు ఆ తెల్లవారుజామున మరణించియుండెను.

సమాధి కార్యక్రమమునకు నేనే పోయితిని. ఆ తండ్రి నన్ను నిందింపలేదు. అందరును వెళ్లిన తరువాత ఒక్క మాట అనెను: "అయ్యగారూ, మీరు ముందుగాల్నే వచ్చిండ్రు గదా."

ప్రక్కకు తొలగి నిలువుమని రాజు చెప్పిన మాట ఎట్లుండునో ఆ దినమున నాకు తెలిసెను.

ఈ వాక్యభాగమునుండి మూడు సంగతులు మన సంఘముల కొరకు ధ్యానింతము.

మొదటిది, త్వరగా చేరుట వేరు, వర్తమానము అందించుట వేరు. నాందేడ్ జిల్లా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములోనిది. ఆ యేట రాష్ట్రములు తిరిగి ఏర్పరచినప్పుడు బొంబాయి రాష్ట్రములో చేరెను. 1960లో మహారాష్ట్ర ఏర్పడెను. గనుక దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్, కిన్వట్ వైపు తెలుగు మాటలాడు కుటుంబములలో కొన్ని ఇల్లు కదలకయే వేరొక రాష్ట్రమువారైరి. మిగిలినవారము పని వెదకికొనుచు వచ్చినవారము. మన తండ్రులు చెట్టు క్రింద కూడి ఆరాధించిరి. నేడు మనకు కాంక్రీటు మందిరములున్నవి, మైకులున్నవి, పిల్లలకు ఉద్యోగములున్నవి. ఇది దేవుని కృపయే. మైదానములో చక్కగా పరుగెత్తుచున్నాము. అయితే గుమ్మము దగ్గర ఎవరైనను "క్షేమమా?" అని అడిగినప్పుడు మన నోట ఏమి వచ్చుచున్నది? అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయములో పౌలు తన పరుగును గూర్చియు, దాచక సమస్తమును ప్రకటించితినని తన సాక్ష్యమును గూర్చియు ఒకే ప్రసంగములో చెప్పెను. ఆయనకు ఆ రెండును ఒకే పని.

రెండవది, సమాధానమను మాట చాటున సత్యము దాగియుండవచ్చును. మన యిండ్లలో త్రాగుడు పట్టుకొనిన కుమారుని గూర్చి తల్లికి తెలియును, తండ్రికి చెప్పదు. పెండ్లి మాటలలో అప్పు సంగతి రెండు వైపులవారికి తెలియును, పెద్దలు మాటలాడరు. సంఘములో పాత కుటుంబములకును, పని కొరకు క్రొత్తగా వచ్చినవారికిని నడుమ దూరమున్నదని అందరికి తెలియును. ఆదివారము వెనుక బల్లమీద కూర్చుండి వెళ్లిపోవు ఆ కూలి కుటుంబమును "బాగున్నారా?" అని అడుగుదుము. సమాధానము వినుటకు నిలువము. మన పిల్లలు తెలుగు అక్షరములు చదువలేక మరాఠీ బైబిలు చదువుచున్నారు. చదువుట మంచిదే. కాని వారి సందేహములు వినుటకు, మన పడిపోయిన దినములను వారికి చెప్పుటకు మనము ఏ భాషలోను నోరు తెరచుట లేదు. సత్యమును రాళ్లవలె విసరుమని నేను చెప్పుట లేదు. కూషి మాటలను మరల చూడుడి. అతడు రాజును గాయపరచుటకు చెప్పలేదు. ఎంతో జాగ్రత్తగా మాటలేర్చి చెప్పెను. అయినను చెప్పెను.

మూడవది, ముఖ్యమైనది. అహిమయస్సు సమాధానము ప్రకటించెను గాని రాజకుమారుని మరణమును ప్రకటింపలేదు. మన ప్రసంగములలోను ఈ అపాయమున్నది. ఆశీర్వాదము, ఉద్యోగము, స్వస్థత, జయము అని చెప్పి, రాజకుమారుడు మ్రానుమీద మరణించెనను వార్తను ప్రక్కన పెట్టినయెడల మనమును మైదానములో పరుగెత్తినవారమే. దావీదు తన కుమారునికి బదులుగా తానే చనిపోయినయెడల బాగుండునని ఏడ్చెను. అది అతనిచేత కాలేదు. దావీదు కుమారుడని పిలువబడిన యేసు దానిని చేసెను. తిరుగుబాటు చేసిన కుమారులకు బదులుగా, తిరుగుబాటు ఎరుగని కుమారుడు మ్రానుమీద వ్రేలాడెను. మూడవ దినమున లేచెను. సిలువ ఈ వైపునున్న సమాధానము అహిమయస్సు చెప్పిన సమాధానము వంటిది. ఒక్క ప్రశ్నకు అది నిలువదు.

మన తెలుగు బాప్తిస్టు పితరులకు ఈ సంగతి తెలియును. ఒంగోలు సంఘము 1867 జనవరి 1న ఎనిమిదిమంది సభ్యులతో ఆరంభమైనది. యర్రగుంట్ల పేరయ్య వంటివారు, చదువు లేకున్నను, చేతికర్రతో ఊరూరు కాలినడకన తిరిగి చెప్పిరి. తరువాత 1876–78 సంవత్సరములలో గొప్ప కరవు వచ్చెను. ఆకలితో నున్న ప్రజలు వేలకొలదిగా బాప్తిస్మము కోరిరి. అప్పుడు సంఖ్య పెంచుకొనుట చదును దారివంటిది. క్లౌ దొరగారు ఆ దారిన పోలేదు. బియ్యము కొరకు ఎవరును చేరకూడదని ఏడాదికి పైగా బాప్తిస్మములు ఆపెను. కరవు తగ్గిన తరువాత, పంచుటకు ఏమియు లేనప్పుడు, ఇంకను వచ్చినవారిని పరీక్షించి చేర్చుకొనిరి. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో వెల్లంపల్లి దగ్గర ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంఖ్యను మనమందరము కంఠస్థము చేసితిమి. దానికి ముందున్న ఆ నిరీక్షణ దినములను కూడ మన పిల్లలకు చెప్పుదము.

యెషయా 52:7లో సువార్త తెచ్చువాని పాదములు పర్వతములమీద కనబడుచున్నవి. ప్రవక్త ఆ పాదములను సుందరములని పిలిచెను. రాళ్లమీద నడచిన పాదములు గాయపడియుండును, దుమ్ముకొట్టుకొని యుండును. ఆలస్యముగా వచ్చిన ఆ లంబాడా యువకుని పాదములను ఆ రాత్రి ఆ తండ్రి చూచెను. నా పాదములకు దుమ్ము కూడ సరిగా అంటలేదు.

నా మేనల్లుని సంగతి చెప్పి ముగింతును. నేను తిరిగి వచ్చిన కొన్ని వారములకు వానికి పరీక్ష జరిగెను. పరుగులో వెనుకబడెను, ఎంపిక కాలేదు. తండ్రి వాని శిక్షణ కొరకు అప్పు చేసియుండెను. ఫలితము ఇంకను రాలేదని తోటివారిలో కొందరు ఇంట చెప్పిరట. వాడు ఇంటికి వచ్చి తల్లి ఎదుట నిలిచి, "అమ్మా, కాలేదు. నా తప్పే, ఆఖరికి దమ్ము చాలలేదు" అని చెప్పెనట. చెల్లెలు నాకు ఫోనులో ఏడ్చుచునే చెప్పెను. కాని ఆ యేడ్పులో ఒక నెమ్మది యుండెను. కుమారుడు తనకు నిజము చెప్పుననియు, తాను ఎవరికొరకు ప్రార్థించుచున్నదో తనకు తెలియుననియు ఆమె యెరిగెను. వాడు మరల పరుగెత్తుచున్నాడు.

నేనును ఆ చలికాలములో, చివరి దినమున, ఆ తండ్రి యింటికి పోయితిని. ఈ సారి అడవి దారిన పోయితిని. నా మోకాళ్లకు అది రెండు గంటలు పట్టెను. ఆయన ముసలివాడయ్యెను. "ఆ దినము నాకు అంతయు తెలిసియే నీకు చెప్పలేదు, నన్ను క్షమింపుము" అంటిని. ఆయన చాలసేపు మాటలాడలేదు. తరువాత చెంబుతో నీళ్లు తెచ్చి నా చేతికిచ్చి, "నాకెరుకే అయ్యగారూ. మీరు చెప్తరని ఇన్నేండ్లు చూసిన" అనెను.

ప్రియులారా, మన గుమ్మములో ఎవరో ఇట్లే కనిపెట్టుకొనియున్నారు. కుమారుడో, కోడలో, వెనుక బల్లమీది కూలివాడో. ఆలస్యమైనను పోవుదము. తెలిసినది ప్రేమతో చెప్పుదము.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, నీ కుమారుని మరణవార్తను మాకు దాచక తెలియజేసినందుకు స్తోత్రములు. మేము భయముచేత మ్రింగివేసిన మాటలను క్షమింపుము. దూరదేశములలో పని చేయుచున్న మా పిల్లలను, వారికొరకు కనిపెట్టుచున్న తల్లిదండ్రులను కాపాడుము. మా పాదములకు ఓర్పును, మా నోటికి నిజమును, మా హృదయములకు కనికరమును దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.